కాలేజీ కంటే ముందు దవాఖాన చూడండి

హనుమకొండలోని ఒక ఒకేషనల్ జూనియర్ కాలేజీలో, ఇంటర్ పూర్తిచేస్తున్న విద్యార్థుల ముందు, వారి తల్లిదండ్రుల ముందు ఒక రిటైర్డ్ నర్సింగ్ ట్యూటర్ చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ సేవామూర్తి అన్నారు. ఆ మాట పక్కన పెడదాం సార్. నేను జీతం తీసుకుని పనిచేశాను, ఇప్పుడు పింఛన్ తీసుకుంటున్నాను. సేవ అనే మాట చెప్పి నర్సులకు జీతం ఎగ్గొట్టినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఈ రోజు నర్సింగ్ గురించి ఒక పనిగానే మాట్లాడతాను. పని నేర్చుకోవాలి, చేతిలో సరైన కాగితం ఉండాలి, నెల తిరిగేసరికి జీతం రావాలి.

ముందు కోర్సుల సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అది ఫోన్‌లో వెతికినా దొరుకుతుంది. ఏఎన్ఎం, అంటే ఊళ్లలో కాన్పులు, టీకాలు చూసే నర్సు కోర్సు, రెండేళ్లు. జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, మూడేళ్లు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. మూడింటికీ పదిహేడేళ్లు నిండాలి. ఏఎన్ఎంకు ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. జీఎన్ఎంకూ గ్రూపు పట్టింపు లేదు గానీ 40 శాతం మార్కులు ఉండాలి, ఇంగ్లిష్ పాసై ఉండాలి. బీఎస్సీకి మాత్రం బైపీసీ చదివి 45 శాతం తెచ్చుకోవాలి. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. బీఎస్సీ సీట్ల నోటిఫికేషన్ ఇచ్చే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం మన వరంగల్‌లోనే ఉంది. కాబట్టి బస్టాండ్‌లో కరపత్రం పంచే ఏజెంట్ చెప్పింది నమ్మాల్సిన అవసరం మీకు లేదు.

ముందు వరసల్లో కూర్చున్న ఎంపీహెచ్‌డబ్ల్యూ, అంటే ఇంటర్ ఒకేషనల్‌లో ఆరోగ్య కార్యకర్త కోర్సు చదివే పిల్లలకు ఒక మాట విడిగా చెప్పాలి. మీకు ఇంటర్ మెమో చేతికి రాగానే పని అయిపోయినట్టు కాదు. ఆ తర్వాత గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఏడాది పాటు క్లినికల్ శిక్షణ చేయాలి, స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఇవి రెండూ లేకుండా ప్రైవేట్ క్లినిక్‌లో పనికి చేరి, నాలుగేళ్ల తర్వాత ప్రభుత్వ నోటిఫికేషన్ పడ్డప్పుడు కాగితాల కోసం పరుగెత్తే అమ్మాయిలు ప్రతిసారీ కనిపిస్తారు. నాలుగేళ్లు సూదులు వేసిన చేయి. కానీ రూల్ ప్రకారం ఆమె నర్సు కింద లెక్క కాదు. ఇప్పుడు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను ఆధార్‌తో కలిపి ప్రతి నర్సుకూ ఒక ప్రత్యేక నంబర్ ఇస్తోంది. నంబర్ లేని నర్సుకు ముందు ముందు ఇంకా కష్టమవుతుంది.

ఏఎన్ఎంతో మొదలుపెట్టినవాళ్లు అక్కడే ఆగిపోవాలని లేదు. ఏఎన్ఎం రిజిస్ట్రేషన్ ఉంటే జీఎన్ఎంలో చేరవచ్చు. జీఎన్ఎం అయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. ఇంట్లో డబ్బులకు ఇబ్బంది ఉంటే చిన్న కోర్సు చేసి, సంపాదిస్తూ పెద్ద కోర్సు చదవడం తప్పేం కాదు. మా బ్యాచ్‌లో చాలామంది అట్లాగే వచ్చారు.

ఇక నేను చెప్పాలని వచ్చిన అసలు విషయం. కాలేజీ ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు ఏం అడుగుతారు? ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, బస్సు ఉందా, స్కాలర్‌షిప్ వస్తుందా. ఇవన్నీ అడగండి. కానీ వీటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: మీ పిల్లలను ప్రాక్టికల్స్‌కు ఏ దవాఖానకు పంపిస్తారు? అందులో ఎన్ని పడకలు, రోజూ ఎన్ని నిండుతాయి, కాన్పులు అవుతాయా, పిల్లల వార్డు ఉందా, క్యాజువాలిటీ ఉందా? నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలో ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు అనే లెక్క ఉంది. ఆ లెక్క కాగితం మీద అందరూ చూపిస్తారు. మీరు ఒక రోజు ఉదయం ఎనిమిది గంటలకు ఆ దవాఖాన వార్డులోకి వెళ్లి నిలబడండి. ఒక్క మంచం చుట్టూ పదిమంది విద్యార్థినులు పుస్తకాలు పట్టుకుని నిలబడితే, ఆ కాలేజీ సంగతి మీకు తెలిసిపోయినట్టే.

ఇంకో పరీక్ష ఉంది. అక్కడ చదువుతున్న అమ్మాయిని పక్కకు పిలిచి, నీ కేస్ బుక్‌లో రాసిన కాన్పుల్లో నువ్వు చేతులతో చేసినవి ఎన్ని బిడ్డా అని అడగండి. ఒకే కాన్పు గది బయట నుంచి చూసి, అందరూ తమ తమ పుస్తకాల్లో రాసుకునే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. సంతకాలు పడతాయి, సర్టిఫికెట్ వస్తుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏ ఏజెన్సీలోనో సబ్ సెంటర్ అనే చిన్న ఆరోగ్య కేంద్రంలో ఒక్కతే ఉన్నప్పుడు కాన్పు నొప్పులతో ఎవరో వస్తారు. బిడ్డ పుట్టిన ఒక నిమిషం లోపు తల్లికి రక్తం ఎక్కువ పోకుండా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వాలని పుస్తకంలో ఉంది, ఆమెకు తెలుసు. మాయ పడ్డాక కూడా పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందా లేదా చూడడం మాత్రం పుస్తకం నేర్పదు. చెయ్యి నేర్చుకోవాలి. అది ఎన్నిసార్లు తాకితే అంత తెలుస్తుంది.

మన దగ్గర నేర్చుకునే చోట్లకు కొదవ లేదు. వరంగల్‌లో ఎంజీఎం పెద్దాసుపత్రి ఉంది, దానికి 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. ఈ చివరి కొన్నేళ్లలో మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ వచ్చిందంటే దాని వెంట బోధనాసుపత్రి వస్తుంది, పడకలు పెరుగుతాయి, నర్సులు కావాలి. పాత సెంట్రల్ జైలు ఉన్న స్థలంలో లేస్తున్న పెద్ద బిల్డింగ్ మీరందరూ చూస్తూనే ఉన్నారు. ప్రైవేట్ వైపు చెప్పనే అక్కర్లేదు. కాబట్టి పేరుకే ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌ను చూపించి ఇదే మా ఆసుపత్రి అనే కాలేజీలో చేరాల్సిన గతి మీకు పట్టలేదు.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో చెప్తాను. సినిమాల్లో చూపించే నర్సు డాక్టర్ వెనక ట్రే పట్టుకుని నడుస్తుంది. నిజం వార్డులో డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి ఒక పేషెంట్ దగ్గర కొన్ని నిమిషాలు ఉండి వెళ్తారు. మిగతా రోజంతా, రాత్రంతా ఉండేది మీరు. ఏదైనా మారితే ముందు కనిపించేది మీకే.

ఉదాహరణకు శ్వాస. నాడి, టెంపరేచర్, బీపీకి మిషన్లు వచ్చాయి. శ్వాస మాత్రం ఇప్పటికీ కళ్లతో చూసి, వాచ్ పట్టుకుని, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషం ఎవరికీ ఉండదు. అందుకే ఏ వార్డుకైనా వెళ్లి చార్టులు తిరగేయండి, అందరి శ్వాసా 18 లేదా 20. వార్డు మొత్తం కూడబలుక్కుని ఊపిరి తీసుకుంటున్నట్టు. (నవ్వులు) నవ్వకండి. పెద్దవాళ్లలో ఒంట్లో ఏదో తేడా జరుగుతుంటే చాలాసార్లు బీపీ పడిపోకముందే శ్వాస పెరుగుతుంది. పిల్లల్లో అయితే న్యుమోనియా పట్టుకునేదే శ్వాస లెక్కతో. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంతకు తాకినా, దాటినా వేగంగా ఉన్నట్టే. ఎక్స్‌రే లేని తండాలో ఏఎన్ఎం చేతిలో ఉన్న పరీక్ష ఇది. బిడ్డ ఏడుస్తుంటే లెక్క తప్పుతుంది కాబట్టి తల్లి ఒళ్లో పడుకోబెట్టించి, చొక్కా పైకెత్తి, ఓపికగా లెక్కపెట్టాలి. లెక్కపెట్టనప్పుడు చార్టులో ఖాళీ వదిలేయండి, 18 అని మాత్రం రాయకండి. ఖాళీ చూసిన వచ్చే షిఫ్ట్ సిస్టర్ లెక్కపెడుతుంది. 18 చూస్తే ఎవరూ లెక్కపెట్టరు.

మన వైపు పాము కాట్లు ఎక్కువ. వానాకాలం నాట్లు, పత్తి చేలు, రాత్రి నీళ్లు పెట్టడం. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టదు. అది తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబ్‌లో రెండు ఎంఎల్ రక్తం తీసుకుని, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే విషం ఎక్కినట్టు. చూడటానికి చిన్న పని. ప్లాస్టిక్ ట్యూబ్ పెడితే ఫలితం తప్పు. సబ్బుతో కడిగిన ట్యూబ్ పెట్టినా తప్పు. మధ్యలో ఇంకో పేషెంట్ వచ్చిందని పది నిమిషాలకే ఊపి చూసినా తప్పు. ఆ ట్యూబ్ పెట్టేది, టైమ్ రాసేది ఎక్కువసార్లు నర్సే.

కట్లపాము ఇంకో రకం. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. వాపు ఉండదు, పంటి గుర్తు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి. పక్కనున్నవాళ్లు రాత్రంతా నిద్ర లేదు సిస్టర్, నిద్రమబ్బు అంటారు. ఆ మాట నమ్మి పడుకోనిస్తే, ఊపిరి తీసుకునే కండరాలు కూడా ఆగిపోతాయి. పైకి చూడు తాతా, రెప్పలు పూర్తిగా తెరువు అని ఒక్కసారి అడిగి చూసే అమ్మాయి ఆ రాత్రి డ్యూటీలో ఉంటే తాత బతుకుతాడు. గ్యాస్ నొప్పి అని ఇంజెక్షన్ వేసి పంపిస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇన్సులిన్ గురించి కూడా చెప్పాలి. మన దగ్గర రెండు బలాల సీసాలు దొరుకుతాయి, ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు ఉండేది, 100 యూనిట్లు ఉండేది. సిరంజీలూ రెండు రకాలే. ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. సీసా 100ది, సిరంజీ 40ది అయిందనుకోండి, 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. పేషెంట్ అరగంట, గంటలో చెమటలు పట్టి పడిపోతాడు. సీసా మీద అంకె, సిరంజీ మూత రంగు, రెండూ చూసి, పక్క సిస్టర్‌కు చూపించి ఇవ్వండి. సీనియర్ నవ్వితే నవ్వనివ్వండి.

మీ ఒంటి గురించి కూడా మాట్లాడుకోవాలి. చేరిన మొదటి నెలలోనే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించుకోండి, సున్నా, ఒకటి, ఆరు నెలలకు మూడు డోసులు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. చాలా పోట్లు అక్కడే పడతాయి. సూది గుచ్చుకుంటే వేలు పిండకండి, సబ్బు నీళ్లతో కడిగి, అప్పుడే చెప్పండి. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టాలి. తిడతారని దాచిపెట్టి మూడు రోజుల తర్వాత ఏడిస్తే ఉపయోగం లేదు.

సబ్ సెంటర్ పని వార్డు పనికంటే వేరు. మైదానంలో ఐదు వేల మందికి, ఏజెన్సీలో మూడు వేల మందికి ఒక సబ్ సెంటర్ అనేది లెక్క. ఏటూరునాగారం అవతల ఆ మూడు వేల మంది ఎన్ని గుంపులుగా, ఎన్ని వాగుల అవతల ఉంటారో లెక్కలో కనిపించదు. బుధవారం, శనివారం టీకాలు. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా సీసా ఒకసారి తెరిస్తే, చల్లదనం సరిగా ఉంటే, 28 రోజుల దాకా వాడవచ్చు. తట్టు, రుబెల్లాకు వేసే ఎంఆర్, క్షయకు వేసే బీసీజీ మాత్రం పొడిని ద్రవంతో కలిపిన నాలుగు గంటల్లో అయిపోవాలి, మిగిలితే పారెయ్యాలి. దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, ఇద్దరు పిల్లల కోసం ఎంఆర్ సీసా తెరవడం దండగ అని వెనక్కి పంపే అలవాటు కొందరికి ఉంటుంది. వాగు దాటి బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని వచ్చే వారం రమ్మంటే ఆమె రాదు. సీసా పోయినా ఫర్వాలేదు, తెరవండి.

ములుగు వైపు వెళ్లేవాళ్లు కొన్ని కోయ మాటలు, మహబూబాబాద్ వైపు వెళ్లేవాళ్లు కొన్ని లంబాడీ మాటలు నేర్చుకోండి. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, తిన్నావా, ఈ మూడూ వస్తే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు. మేడారం జాతర ఏడాది వస్తే డ్యూటీలు అక్కడ పడతాయి. దుమ్ము, చలి, నిద్ర ఉండదు, కానీ అన్ని రకాల కేసులూ చూస్తారు. మా కాలంలో కొందరు దాన్ని తప్పించుకోవడానికి సెలవులు పెట్టేవాళ్లు. నా అభిప్రాయం అడిగితే, కొత్తగా చేరినవాళ్లు అడిగి మరీ వెళ్లాలి.

ఇప్పుడు డబ్బు. ప్రైవేట్ నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఆదేశం ఇచ్చింది, కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 దాటితే అందులో పది శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 మధ్య ఉంటే 25 శాతానికి మించి తగ్గకుండా ఇవ్వాలని, 50 లోపు పడకలున్నా నెలకు 20,000 కంటే తక్కువ ఉండకూడదని ఆ కమిటీ చెప్పింది. ఈ హాల్లో మీ అక్కలు, వదినలు నర్సులుగా ఉన్నవాళ్లు ఇంటికెళ్లి అడగండి, ఎంత వస్తోందో. సిఫార్సు సిఫార్సుగానే మిగిలిన చోట్లు చాలా ఉన్నాయి. అయినా ఆ అంకె మీకు తెలిసి ఉండాలి, ఇంటర్వ్యూలో జీతం మాట్లాడేటప్పుడు నోరు తెరవడానికి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. రెండేళ్లు మానేయనని బాండ్ రాసి, ఒరిజినల్స్ మా దగ్గర పెట్టు అనే యాజమాన్యాలు ఉన్నాయి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. జీతం బ్యాంకులో పడాలి. చేతికి ఇచ్చే జీతానికి రేపు అనుభవం కింద ఆధారం ఉండదు.

అనుభవం అంటే గుర్తొచ్చింది. నర్సు ఉద్యోగాలకు ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్సెట్ పరీక్ష జీఎన్ఎం వాళ్లు రాయాలంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు చేసి ఉండాలి. ఇంటి పక్కన పది పడకల క్లినిక్‌లో ఐదేళ్లు చేసినా అది పనికిరాదు. మన రాష్ట్రంలో మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు 80 మార్కుల రాత పరీక్ష పెట్టి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ మీద చేసినవాళ్లకు 20 మార్కుల దాకా వెయిటేజీ ఇచ్చింది. అంటే కాంట్రాక్ట్ ఉద్యోగమే కదా అని తీసిపారేయకండి. రైల్వేలో, సింగరేణిలో కూడా పోస్టులు పడుతుంటాయి, మనకు కాజీపేట, భూపాలపల్లి దగ్గరే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తండ్రి: మేడం, నైట్ డ్యూటీలంటే ఇంట్లో టెన్షన్. పెళ్లి సంబంధాలకు కూడా అడుగుతున్నారు.)

అన్నా, నైట్ డ్యూటీ లేని నర్సింగ్ లేదు. అది చెప్పకుండా మిమ్మల్ని ఒప్పించడం నాకు ఇష్టం లేదు. మీరు అడగాల్సింది ఆసుపత్రివాళ్లను. నైట్ డ్యూటీ వాళ్లకు పడుకునే గది, తాళం ఉన్న బాత్రూమ్, పొద్దున షిఫ్ట్ దిగాక ఇంటికి బస్సు ఉన్నాయా అని. తండ్రులు వచ్చి అడిగితే వాళ్లు కాస్త జాగ్రత్తగా ఉంటారు. సంబంధాల సంగతి, ఉద్యోగం చేసే అమ్మాయి జీతం కావాలి గానీ నైట్ డ్యూటీ వద్దు అనేవాళ్లకు మీ అమ్మాయిని ఇవ్వాలా వద్దా మీరే ఆలోచించండి. (చప్పట్లు)

(ఒక విద్యార్థిని: మేడం, నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. నేను చేయగలనా?)

మొదటిసారి చాలామందికి తిరుగుతాయి బిడ్డా. పొద్దున తినకుండా వార్డుకు వెళ్లకు. కళ్లు తిరుగుతున్నట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా కింద కూర్చో, నిలబడి పడిపోతే తల పగులుతుంది. కొన్ని వారాలకు పోతుంది. పోకపోతే టీకాల పని, ఇంటింటి సర్వే పని, స్కూల్ హెల్త్ ఉన్నాయి. రక్తం కంటే నర్సింగ్‌లో ఎక్కువ చూసేది మలమూత్రాలు, వాంతులు. దానికి సిద్ధమా అని ఇంటికెళ్లి ఆలోచించుకో.

(మరో విద్యార్థిని: అమెరికాలో మా పెద్దమ్మ కూతురు ఎల్‌పీఎన్ అంట. ఏఎన్ఎం చేస్తే అక్కడ అది ఇస్తారా?)

అది వాళ్ల కోర్సు తల్లీ. లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్ అంటారు, టెక్సాస్, కాలిఫోర్నియాలో ఒకేషనల్ నర్స్ అంటారు. సుమారు ఏడాది చదివి, ఎన్‌క్లెక్స్ పీఎన్ అనే పరీక్ష పాసై, రిజిస్టర్డ్ నర్సు కింద పనిచేస్తారు. మన ఏఎన్ఎం ఊళ్లలో కాన్పులు, టీకాల కోసం తయారుచేసిన కోర్సు, ఆ రెండూ ఒకటి కావు. బయటికి వెళ్లాలని ఉంటే జీఎన్ఎం గానీ బీఎస్సీ గానీ చెయ్యి, వార్డు అనుభవం తెచ్చుకో. జర్మనీకైతే విదేశాల్లో ఉద్యోగాలు చూపించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాష కూడా నేర్పిస్తోంది, కానీ అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి దాకా, అంటే ధారాళంగా మాట్లాడేంత, జర్మన్ రావాలి, అది ఏడాది తిప్పలు. ఇంటర్ ఇంగ్లిష్ పేపర్ ఎట్లా రాశావు ముందు చెప్పు.